పనిచేసిందిగా

బయట మైనస్ ముప్ఫై ఒకటి.
సస్కచెవాన్ మైదానంలో ఒక రేకుల షెడ్డు,
పీపా పొయ్యి చుట్టూ ఆరడుగుల మేరే
మనిషి ఉండగలిగిన చోటు.
ఆ ఆరడుగుల్లో ఒక బల్ల,
బల్ల మీద చిరుగుల తువ్వాలు,
తువ్వాలు మీద పాత డాడ్జి ట్రక్కు కార్బురేటరు
విప్పిన వరుసలోనే పరిచి ఉంది.
"వరుస తప్పావో, మళ్ళీ మొదట్నుంచీ"
అంది వెర్నా కోస్చుక్.
డెబ్బై రెండేళ్ళు. కుడి చూపుడువేలికి సగం గోరే.

విండ్సర్‌లో పుట్టిన బండి.
పదేళ్ళు సైన్యంలో, ముప్ఫై ఏళ్ళు ఊరి ఫైరింజనుగా,
తర్వాత ఎంతకాలమో
లోర్న్ పెట్రషుక్ గోధుమ కొట్టు వెనక నక్కలకు నీడగా.
ఆలివ్ పచ్చ మీద ఎరుపు, ఎరుపు మీద తుప్పు.
ఒక్కసారి గోకితే
మూడు కొలువులూ గోటికింద చేరాయి.

ఫ్లోటును వేడినీళ్ళలో ముంచమంది.
ఇత్తడి బుడ్డి. ముంచాను.
అతుకు దగ్గర ఒక బుడగ,
ఆగి ఇంకొకటి, ఆవగింజంత.
"అదీ దొంగ. ఇన్నేళ్ళూ తాగి తాగి మునిగి కూచుంది."
సీసం చుక్క పెట్టాక
రొట్టెపిండి తూచే తక్కెడలో తూచింది.
బరువెక్కిన ఫ్లోటు మట్టం గురించి అబద్ధం చెబుతుందట.
ఎక్కువైన సీసాన్ని ఆకురాయితో రాయించింది
నా చేత, నలభై నిమిషాలు.

పంపు తోలు ఎండి చెక్కయింది.
రాత్రంతా పశువుల గిట్టల నూనెలో ఊరి
తెల్లారేసరికి చెవితమ్మెలా మెత్తబడింది.

ఇక జనరేటరు.
ఇరవై నాలుగు వోల్టుల మొండిఘటం.
రాగి పలకల మధ్య అభ్రకాన్ని
విరిగిన హాక్సా బ్లేడుతో గీసి గీసి నా మెడ పట్టేసింది.
బ్రష్షు గూట్లో, నీరసించిన స్ప్రింగు కింద,
ఒక రేకు ముక్క.
పొగాకు డబ్బా మూతలోంచి కత్తిరించింది.
అంచులు నున్నగా అరగదీసి ఉన్నాయి,
దాని మీద ఓడ బొమ్మలో సగం తెరచాప.
ఎవరు?
షైలో క్యాంపులో పొద్దుపోయాక ఏ సిపాయో,
మంట వైపు పరుగెత్తబోతూ ఏ ఫైరు మనిషో.
కొత్త స్ప్రింగు నా చేతిలో సిద్ధంగా ఉంది,
అయిదు డాలర్ల నలభై సెంట్లది.
వెర్నా ఆ ముక్కను పొయ్యి వెలుగులో అటూ ఇటూ తిప్పింది.
ఉమ్ము తడితో తుడిచింది.
"పనిచేసిందిగా" అంది.
ఉన్నచోటే పెట్టేసింది.

బిగించాం, తిప్పాం.
ముసలి గొంతు సవరించుకుని ఇంజను అందుకుంది.
అమ్మీటరు ముల్లు మాత్రం కుక్కిన పేను.
నేను స్పానరు తీశాను.
"ఆగు. దానికేం జబ్బు లేదు. మరిచిపోయింది, అంతే."
ఇనుములో కాస్త అయస్కాంతం మిగిలుంటేనే
తొలి కరెంటు పుడుతుందట.
ఏళ్ళకేళ్ళు ఒకేచోట నిలబడితే
ఆ కాస్తా ఇగిరిపోతుందట.
ఇంజను ఆపించి, బ్యాటరీ నుంచి ఒక తీగ లాగి
ఫీల్డు కొసకు ఆనించింది.
టప్.
నీలి మెరుపు.
చెయ్యి పట్టి పలక మీద
ఒక్క 'ఓ' దిద్దించినంత సేపు.
తీగ తీసేసింది.

మళ్ళీ తిప్పితే ముల్లు వణికింది.
మధ్య గీత దాటింది, వెనక్కొచ్చింది, మళ్ళీ దాటింది.
హెడ్‌లైట్లు పసుపు నుంచి తెలుపయ్యాయి.
సగం తెరిచిన తలుపులోంచి
మంచు మీద రెండు వెలుతురు చారలు.

లోర్న్ ఫోను చేశాడు, ఏమేం మార్చారని.
ఫోను నాకిచ్చింది.
గాస్కెట్లు, బ్రష్షులు, కాస్త సీసం, నూనె, చదువుకుంటూ పోయాను.
రేకు ముక్క దగ్గరికి వచ్చేసరికి
వెర్నా వేలు అడ్డంగా ఊపింది,
సగం గోరున్న వేలు.

స్ప్రింగు ఇంకా నా కోటు జేబులోనే ఉంది.

ఆ సాయంత్రం చాలాసేపు ఇంజను ఆపనివ్వలేదు.
ఇద్దరం అరచేతులు రేడియేటరు ముందు చాచి నిలబడ్డాం,
చలి కాచుకుంటున్నవాళ్ళలా.
నిజానికి వింటున్నాం.